కొత్త కెమెరా కొనేవాళ్ల డౌట్లు: మన కడప నుంచి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

కడపలో పెండ్లిళ్లు, ఫంక్షన్లు తీయబట్టి పదేళ్లు దాటింది, ఆదివారం ఖాళీ దొరికితే గండికోటకో లంకమల వైపుకో పోయి నాకోసం నేను తీసుకుంటా. కెమెరా కొనాలనుకునే వాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఎప్పుడూ ఇవే డౌట్లు, ఒకరికి చెప్పిందే ఇంకొకరికి మళ్లీ మొదట్నించి చెప్పాల్సి వస్తాంది, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడతాండా. వరసగా చదవాల్సిన పని లేదు, మీ డౌట్ యాడుందో అక్కడికే పోండి. రేట్లు మాత్రం రాయలేదు, అవి పండగకొక తీరు నెలకొక తీరు మారతాయి.

## కొనాలా వద్దా అని ఆలోచించేటప్పుడు

నా ఫోన్లోనే ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాండాయి, మళ్లీ కెమెరా ఎందుకన్నా?

పగలు తీసి వాట్సాప్‌లో పెట్టేదానికైతే ఫోన్ చాలు, కొనొద్దు. కెమెరా కొని బీరువాలో దాచిపెట్టిన ఇండ్లు చాలా చూసినా. కెమెరా నిజంగా పనికొచ్చేది వెలుతురు తక్కువుండి మనుషులు కదులుతాండేటప్పుడు, దూరంగా ఉండేదాన్ని దగ్గరికి లాగాల్సినప్పుడు, పెద్ద సైజు ప్రింటు వేయించేటప్పుడు. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం రాత్రి పూట జరుగుతాది కదా, అక్కడ ఫోన్ ఏం చేస్తాదంటే వరసగా నాలుగైదు ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి కలుపుతాది, విగ్రహం కదలదు కాబట్టి అది బాగానే వస్తాది, పక్కన అక్షింతలు వేసే అయ్యవారి చెయ్యి మాత్రం మైనం కరిగినట్టు వస్తాది. ఇదంతా సెన్సార్ (లోపల వెలుతురును పట్టే పలక) సైజు వల్లే. 1 ఇంచు సెన్సార్ అంటే పేరుకే ఇంచు, నిజానికి 13.2 బై 8.8 ఎంఎం, ఏపీఎస్-సీ (లెన్స్ మార్చుకునే మామూలు కెమెరాల్లో ఎక్కువగా ఉండే సైజు) దానికి మూడింతలు, ఫుల్ ఫ్రేమ్ 36 బై 24 ఎంఎం అంటే ఏడింతల పైనే. మామూలు ఫోన్ సెన్సార్ ఆ 1 ఇంచు కన్నా కూడా చిన్నదే. వాన పడేటప్పుడు చెంబు పెట్టినా కాగు పెట్టినా పడేది అదే వాన, పట్టేది మాత్రం వేరు.

కాంపాక్ట్ అంటే ఏంది, మిర్రర్‌లెస్ అంటే ఏంది? షాపతను రెండూ ఒకటే అన్నాడు

ఒకటి కాదు. కాంపాక్ట్‌కి లెన్స్ బాడీకే అతుక్కోని ఉంటాది, మార్చలేము. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. డీఎస్ఎల్ఆర్‌లో సెన్సార్ ముందర ఒక అద్దం ఉండి, ఫోటో తీసినప్పుడల్లా టక్ మని పైకి లేస్తాది, ఆ అద్దం తీసేసి సెన్సార్ చూసేదాన్నే నేరుగా స్క్రీన్ మీద చూపించేది మిర్రర్‌లెస్. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైంది. నొక్కకముందే ఫోటో ఎంత బ్రైట్‌గా వస్తాదో కండ్లకు కనపడతాది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీనికి మించిన సాయం లేదని నా నమ్మకం.

చిన్న డిజిటల్ కెమెరాలు మళ్లీ ఫ్యాషన్ అయినాయి కదా, మా పాప కాలేజీకి అడుగుతాంది, కొనియ్యొచ్చా?

కొనియ్యొచ్చు, కానీ సెన్సార్ 1 ఇంచు అయినా ఉండాల. అంతకంటే చిన్న సెన్సారుండే చవక కెమెరాలు ఇప్పుడు బాగా అమ్ముతాండారు, వాటిల్లో వచ్చే ఫోటో మీ ఫోన్ కన్నా మెరుగ్గా ఉండదు, ఆ పాతకాలం కలర్ మీద ఇష్టం ఉంటే తప్ప డబ్బులు దండగ.

మంచివి అంటే క్యానన్ జీ7 ఎక్స్ మార్క్ 3, ఇది 2019ది, పాతదే అయినా లెన్స్ ఎఫ్ 1.8 నుంచి మొదలవుతాది (ఎఫ్ నెంబరు ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తాది) కాబట్టి ఇప్పటికీ జనం వెతుక్కుంటాండారు. 2025లో వచ్చిన క్యానన్ వీ1లో సెన్సార్ ఇంకొంచెం పెద్దది, లోపల చిన్న ఫ్యాన్ కూడా పెట్టినారు, వీడియో ఎక్కువ తీసేవాళ్లకు అది బాగుంటాది. ఫ్యూజీ ఎక్స్100-6 అయితే 2024ది, 40 మెగాపిక్సెల్, ఏపీఎస్-సీ సెన్సార్, జూమ్ ఉండదు, ఒకటే 23 ఎంఎం ఎఫ్ 2 లెన్స్, దాని కలర్లకు నేను పడిపోయినా, కానీ దాని రేటుకు మంచి మిర్రర్‌లెస్ బాడీ, రెండు లెన్సులు వస్తాయి కాబట్టి మొదటి కెమెరాగా వద్దంటా.

ఒక్క మాట మన ఊరి సంగతి. లెన్స్ ముందుకు వచ్చి లోపలికి పోయే కాంపాక్టులు ఆ కదలికతోనే గాలిని లోపలికి పీలుస్తాయి, గాలితో పాటు దుమ్ము పోతాది. లెన్స్ ఊడదు కాబట్టి ఇంట్లో తుడిచేదానికి లేదు, సర్వీసుకే పంపాల. మన పక్క నాపరాయి పాలిష్ మిషన్ల దగ్గర లేచే తెల్లటి పొడి ఉంది చూడు, అట్లాంటి చోట కాంపాక్ట్ బయటికే తీయొద్దు.

డీఎస్ఎల్ఆర్ కథ అయిపోయిందంటాండారు, నా దగ్గరుండేది అమ్మేయాలా?

క్యానన్, నికాన్ వాళ్లు 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు, అది నిజమే. అంతమాత్రాన మీ చేతిలో ఉండేది ఫోటో తీయడం మానేయదు. బాగా పని చేస్తాంటే వాడుకోండి. కొత్తగా కొనేవాళ్లు మాత్రం మిర్రర్‌లెస్సే తీసుకోండి. మారేటప్పుడు లెన్సుల సంగతి చూసుకోవాల: క్యానన్ డీఎస్ఎల్ఆర్‌కి వాడే ఈఎఫ్ లెన్సులు మధ్యలో అడాప్టర్ పెడితే కొత్త ఆర్ మిర్రర్‌లెస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా బాగా పని చేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకు ఇబ్బంది లేదు, పాత ఏఎఫ్-డీ లెన్సులకు మాత్రం నికాన్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే.

## మోడల్ దగ్గర ఆగిపోయినప్పుడు

మొదటి మిర్రర్‌లెస్‌కి ఒకటే పేరు చెప్పన్నా, పది చెప్తే మళ్లీ కన్ఫ్యూజ్ అయితా

ఫోటోలే ముఖ్యమైతే నికాన్ జెడ్50 రెండోది. 2024 చివర్లో వచ్చింది, మంచి వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) ఉంది, బాడీలోనే చిన్న ఫ్లాష్ ఉంది, చేతిలో పట్టు బాగుంటాది.

బడ్జెట్ అంత లేదంటే క్యానన్ ఆర్50, బ్యాటరీ కార్డుతో కలిపి 375 గ్రాములే, ఫోకస్ మనిషి కన్ను పట్టుకుంటే వదలదు. కానీ పెండ్లి పనికి పోయేవాళ్లు ఒకటి తెలుసుకోవాల, ఆర్50 పైన ఫ్లాష్ పెట్టే చోట పాతకాలం పిన్నులు లేవు, మామూలు ఫ్లాష్ పెట్టాలంటే క్యానన్ అడాప్టర్ ఇంకోటి కొనాల. ఇది ఎవరూ ముందు చెప్పరు, కొన్నాక ఇంటికొచ్చి ఫ్లాష్ పెట్టి చూస్తే వెలగదు. ఆర్10కి ఆ బాధ లేదు.

ఆర్100 అన్నిటికన్నా చవక, కానీ టచ్ లేదు, స్క్రీన్ తిరగదు, ఫోన్ అలవాటైన చేతికి రెండో రోజుకే విసుగొస్తాది. యూట్యూబ్ వీడియోలే పని అయితే సోనీ జెడ్‌వీ-ఈ10, దానికి వ్యూఫైండర్ లేదు, మధ్యాహ్నం పూట మన ఎండలో స్క్రీన్ సరిగ్గా కనపడదు.

ఫుల్ ఫ్రేమ్ ఉంటేనే ప్రొఫెషనల్ అంటాండారు, నిజమేనా?

కాదు. రాత్రి ఫంక్షన్లు ఎక్కువ తీసేవాళ్లకు ఫుల్ ఫ్రేమ్ వల్ల లాభం ఉంది, ఒక స్టాప్‌కి (స్టాప్ అంటే వెలుతురు రెండింతలు) కొంచెం పైన తేడా వస్తాది, సందేహం లేదు. కానీ బాడీతో అయిపోదు, దాని లెన్సులు కూడా బరువు, రేటు రెండూ ఎక్కువే. డబ్బులన్నీ ఫుల్ ఫ్రేమ్ బాడీకి పెట్టి, దాని మీద బాడీతో పాటే వచ్చే చవక కిట్ లెన్స్ తగిలించి తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తాది. అదే డబ్బుకు ఏపీఎస్-సీ బాడీ, ఎఫ్ 1.4 లెన్స్ వచ్చుండేవి, ఫోటో అంతకన్నా బాగా వచ్చుండేది.

మెగాపిక్సెల్ ఎంతుండాల? కరిజ్మా ఆల్బమ్‌కి 24 చాలుతాదా?

చాలుతాది. 24 మెగాపిక్సెల్ అంటే 6000 బై 4000 చుక్కలు, ఇంచుకు 300 చుక్కల లెక్కన 20 బై 13 ఇంచులు వస్తాది. 12 బై 36 ఇంచుల ఆల్బమ్ షీటులో ఒకటే ఫోటో ఈ కొస నుంచి ఆ కొసకు పరిచేది తక్కువ, పరిచినా ఆల్బమ్ చూసే దూరానికి ఏం తెలియదు.

ఐబిస్ లేకపోతే ఫోటోలు షేక్ అయిపోతాయా?

ఐబిస్ అంటే బాడీ లోపల సెన్సారే కదిలి మన చేతి వణుకును సర్దేది. కదలని వాటికి బ్రహ్మాండంగా పని చేస్తాది, గుడి లోపల స్తంభాల మీద శిల్పాలు చేత్తో పట్టుకోని తీయొచ్చు. కానీ కదిలే మనిషిని అది ఆపలేదు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు మీకు కావాల్సింది 1/250 షట్టర్ (సెకనులో 250వ వంతు), దానికి సరిపోయే వెలుతురు, అంతే. ఐబిస్ కోసమని బడ్జెట్ దాటిపోవాల్సిన పని లేదు.

లంకమలలో పక్షులు తీయాలని ఆశ, ఏది కొనాల?

కలివికోడి పుట్టిన జిల్లా మనది. లేదనుకున్న పక్షి 1986లో మళ్లీ కనపడింది మన లంకమల పొదల్లోనే, కాబట్టి ఈ ఆశ నాకు బాగా అర్థమవుతాది. పక్షులకు బాడీ కన్నా పొడవు లెన్స్ ముఖ్యం, కనీసం 400 ఎంఎం ఉండాల. ఏపీఎస్-సీ బాడీ మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 600 పెట్టినంత దగ్గరగా చూపిస్తాది, ఇక్కడ చిన్న సెన్సారే లాభం. అంత పెట్టలేమంటే నికాన్ పీ1100 లాంటి పెద్ద జూమ్ కెమెరా 3000 ఎంఎం లెక్కకు పోతాది, పొద్దున మంచి వెలుతురులో పక్షిని గుర్తు పట్టేంత ఫోటో ఖాయంగా వస్తాది, కాస్త మబ్బు పడితే మాత్రం ఈకలన్నీ కలిసిపోతాయి.

రెండు లెన్సుల కిట్ తీసుకోవాలా, ఒట్టి బాడీ తీసుకోని వేరే లెన్స్ కొనాలా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. బాడీ ఒక మెట్టు తగ్గించుకోండి, ఆ మిగిలిన డబ్బుతో ఒక బ్రైట్ లెన్స్ (ఎఫ్ నెంబరు చిన్నదుండేది) కొనండి. నేను ఎవరికి ఏం చెప్పినా చివరికి ఇదే చెప్తా.

లెక్క చూడండి. ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్ జూమ్ చేసిన కొసన ఎఫ్ 6.3 ఉంటాది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికి పన్నెండింతల వెలుతురు లోపలికి పంపుతాది. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (చీకట్లో ఫోటోను బ్రైట్ చేసేది, పెంచేకొద్దీ గింజలు వస్తాయి) 12800 పెట్టాల్సిన చోట దీంతో 1000 పెడితే సరిపోతాది. లక్షలు పెట్టి బాడీ మార్చినా ఇంత తేడా రాదు, ఈ లెన్స్ బరువేమో 160 గ్రాములే.

మా అవ్వ సాయంత్రం పూట వసారాలో కూర్చోని చెనక్కాయలు వలిచేది. లైటు ఇంకా వేయలేదు, వాకిలి నుంచి వచ్చే వెలుతురే. కిట్ లెన్స్‌తో తీస్తే అవ్వ, గోడ, వెనకాల గోనెసంచి అన్నీ ఒకే బూడిద రంగులో వచ్చినాయి. అదే చోట, అదే బాడీకి 50 పెట్టి ఎఫ్ 2లో తీసినా. గోరు సందులో ఇరుక్కున్న ఎర్రమట్టి, చితికిన తొక్క కొస, కంట్లో వాకిలి తెల్లగా మెరిసేది కూడా కనపడతాంది. ఆ ఫోటోనే ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉంది, అవ్వ లేదు.

ఒక ఇబ్బంది ఉంది, ఏపీఎస్-సీ మీద 50 అంటే 75, 80 లెక్క చూపిస్తాది, చిన్న గదుల్లో వెనక్కి జరిగే చోటు ఉండదు. అట్లాంటప్పుడు సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 మంచిది, సోనీ, నికాన్, క్యానన్ మూడింటికీ వస్తాది. కిట్‌లో రెండో లెన్స్‌గా ఇచ్చే జూమ్‌ను కొన్న నెలలో తప్ప మళ్లీ బ్యాగులోంచి తీసినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు.

## డబ్బులు కట్టే ముందు

ఆన్‌లైన్లో చాలా తక్కువకు ఇస్తాండారు, తీసుకోవచ్చా?

జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు రెండూ ఇస్తారా అని ముందు అడగండి. ఒకసారి నేను ఇట్లనే రేటు చూసి ఒక లెన్స్ తెప్పించుకున్నా, పేరు చెప్పను, ఎనిమిది నెలలకు ఫోకస్ మోటార్ ఆగిపోయింది. సర్వీసుకు పంపితే సీరియల్ నెంబరు చూసి ఇది ఇండియా స్టాక్ కాదు, వారంటీ రాదు అన్నారు. అమ్మినోళ్లు షాపు వారంటీ అన్నారే గానీ ఫోన్ ఎత్తడం మానేసినారు. పెండ్లిళ్ల సీజన్ మధ్యలో ఆ లెన్స్ లేకుండా నెలన్నర బాడుగకు తెచ్చుకోని నెట్టుకొచ్చినా, మిగిలింది అనుకున్న డబ్బు ఆ బాడుగకే పోయింది.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూసి కొనాల?

పగలే పోండి, మీ కార్డు మీరు తీసుకపోండి. ఎఫ్ 16 పెట్టి తెల్లటి సున్నం గోడను ఒక ఫోటో, ఆకాశాన్ని ఒక ఫోటో తీయండి, పెద్దది చేసి చూస్తే సెన్సార్ మీద ఉండే దుమ్ము నల్లటి చుక్కలుగా, గీతలు గీతలుగానే బయటపడతాయి. చుక్క తుడిస్తే పోతాది, గీత పోదు. లెన్స్‌ను వెలుతురుకు పట్టి అవతలి వైపు నుంచి చూడండి, సాలెగూడు మాదిరి పోగులు కనపడితే ఫంగస్, బేరం కూడా ఆడొద్దు. షట్టర్ కౌంట్ (ఇంతవరకు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో) అడగండి గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవి, గంటల గంటల వీడియో అందులో కనపడవు. పెండ్లి వీడియోకి వాడిన బాడీనా అని మొహం మీదే అడగండి. ఫ్లాష్, కార్డు మూత, చార్జింగ్ పిన్ను అన్నీ అక్కడే పెట్టి తీసి చూడండి, ఓనర్ బిల్లు ఉంటే దాని ఫోటో తీసుకోండి.

మెమరీ కార్డు, బ్యాటరీ ఎట్లాంటివి కొనాల?

వీ30 అని రాసుండే కార్డు చాలు, సెకనుకు తక్కువలో తక్కువ 30 ఎంబీ రాస్తాది అని దానర్థం. 100 ఎంబీపీఎస్‌లో (ఇది మెగాబిట్ల లెక్క, అంటే సెకనుకు 12.5 ఎంబీ) 4కె వీడియో తీస్తే గంటకు 45 జీబీ అవుతాది, దాన్ని బట్టి సైజు చూసుకోండి. 256 ఒకటి కొనేకన్నా 128వి రెండు కొనండి, ఒకటి పోయినా సగం పెండ్లైనా మిగులుతాది. బ్యాటరీలు చిన్న బాడీలకు కనీసం మూడు ఉండాల. బాడీ చిన్నదైతే బ్యాటరీ కూడా చిన్నదే మరి.

## ఇంటికి తెచ్చినాక

స్టేజీ మీద తీసిన ఫోటోల్లో అడ్డంగా నల్లటి గీతలు పడతాండాయి, కెమెరా పాడైందా?

పాడవలేదు, భయపడొద్దు. ఇది ఎల్ఈడీ లైట్ల వల్ల. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, దానికి వెలిగే లైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులు అవుతాది, మన కంటికి తెలియదు. సైలెంట్ మోడ్‌లో పెట్టినప్పుడు కెమెరా ఎలక్ట్రానిక్ షట్టర్ వాడతాది, అది ఫోటోను పైనుంచి కిందికి వరస వరసగా చదువుతాది, ఒక వరస చదివేటప్పుడు లైటు వెలిగుంటాది, ఇంకో వరసకు తగ్గుంటాది, అవే ఈ గీతలు.

ముందు సైలెంట్ మోడ్ తీసేసి మెకానికల్ షట్టర్‌కి రండి. షట్టర్ స్పీడ్ 1/100 పెట్టి చూడండి, చాలా మటుకు పోతాయి. మెనూలో యాంటీ ఫ్లికర్ (లైటు మినుకును చూసుకోని తీసేది) ఉంటే ఆన్ చేయండి. వీడియోకైతే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, మన దేశంలో ఇదే లెక్క, 30 పెట్టి షట్టర్ 1/60 చేస్తే ట్యూబ్‌లైటు కింద స్క్రీన్ మినుకు మినుకుమంటాది. స్టేజీ వెనకాల పెట్టే పెద్ద ఎల్ఈడీ తెర లెక్క వేరు, దానికి షట్టర్ కొంచెం కొంచెం మార్చుకుంటా గీతలు ఎక్కడ ఆగిపోతాయో చూసుకోవాల, పెండ్లికొడుకు రాకముందే పోయి ఈ పని చేసుకోండి.

కొనబోయేవాళ్లకు కూడా ఇది ముఖ్యం. సోనీ జెడ్‌వీ-ఈ10 రెండోదానికి మెకానికల్ షట్టరే లేదు, వీడియోకి చాలా మంచి కెమెరా, నాకు నచ్చింది కూడా, కానీ సీరియల్ బల్బుల కింద పెండ్లి ఫోటోలు తీసే పనికి నేను దాన్ని ఎవరికీ చెప్పను. పాత జెడ్‌వీ-ఈ10కి మెకానికల్ ఉంది.

ఆకాశంలో ప్రతి ఫోటోకి ఒకేచోట మచ్చ వస్తాంది, ఏం చేయాల?

సెన్సార్ మీద దుమ్ము. మిర్రర్‌లెస్‌లో ముందర అద్దం ఉండదు కాబట్టి లెన్స్ తీయగానే సెన్సార్ బయటికి కనపడతాది, కొన్ని పెద్ద మోడళ్లు ఆఫ్ చేస్తే షట్టర్ మూసుకుంటాయి, చిన్నవి మూసుకోవు. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి, పొద్దు మునిగే టైము దాటిపోతాదని తొందరపడి ఎదురుగాలిలో లెన్స్ మార్చినా. ఆ సాయంత్రం తీసిన నూటనలభై ఫోటోల్లోనూ మబ్బు పక్కన అదే మచ్చ, ఎర్రమల కొండల మీద ఎంత మంచి రంగు వచ్చిందో, ఒక్కొక్కటి కూర్చోని చెరుపుకున్నా.

అప్పటి నుంచి కెమెరా ఆఫ్ చేసి, మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) కిందికి వంచి, గాలికి వీపు పెట్టి, పెట్టబోయే లెన్స్ మూత ముందే వదులు చేసుకోని మారుస్తా. మచ్చ పడితే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదొద్దు, ఎంగిలి తుంపర పడితే బ్లోయర్‌తో పోదు. గుడ్డతో అసలు తుడవొద్దు. పోకపోతే తెలిసినోళ్లకు ఇచ్చి క్లీన్ చేయించండి.

ఎండాకాలంలో వీడియో మధ్యలో ఆగిపోతాంది, వారంటీలో ఇస్తే మార్చిస్తారా?

మార్చియ్యరు, అది రిపేరు కాదు. కెమెరా పేపర్లలో చూస్తే సున్నా నుంచి 40 డిగ్రీల వరకే వాడమని ఉంటాది, మనకు ఏప్రిల్, మే వచ్చిందంటే నీడలోనే 42, 43. కంపెనీ గీసిన గీత దాటిపోయిన ఊళ్లో మనం తీస్తాండాము, కాబట్టి మనమే చూసుకోవాల. స్క్రీన్‌ను బాడీ నుంచి పక్కకు తెరిచి పెట్టండి, వేడి బయటికి పోతాది. సోనీలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ అని ఉంటాది, దాన్ని హై పెట్టండి. తీయనప్పుడు ఆఫ్ చేసి మీద తెల్లటి పొడి తువ్వాలు కప్పండి. 4కె అవసరం లేని చోట ఫుల్ హెచ్‌డీ చాలు. కారులో మాత్రం వదలొద్దు, అద్దాలు ఎత్తిన కారు పది నిమిషాల్లో పొయ్యి అవుతాది, లెన్స్ లోపల గ్రీజు కరిగి వెలుతురును తగ్గించే బ్లేడ్ల మీదికి వస్తే ఆ రిపేరు చాలా ఖర్చు.

ఫంగస్ రాకుండా ఏం చేయాల?

మన వాతావరణం పొడిగా ఉంటాది కాబట్టి కోస్తా వాళ్లంత భయం లేదు, అక్టోబర్, నవంబర్ ముసురు పట్టినప్పుడే జాగ్రత్త. గట్టి మూతుండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, తోలు బ్యాగులో మూసిపెట్టొద్దు. వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫోటోలు తీయండి, వాడే లెన్స్‌కి ఫంగస్ రావడం చాలా తక్కువ.

ఒక సంవత్సరం వాడినా, ఇప్పుడు కొత్త మోడల్ వచ్చింది, మార్చాలా?

మీరు తీసిన వాటిల్లో పాడైపోయిన యాభై ఫోటోలు ముందేసుకోని ఒక్కొక్కటి ఎందుకు పాడైందో రాయండి. ఫోకస్ తప్పినవే ఎక్కువుంటే, మీ బాడీ పాత తరంది అయితే, మార్చుకోవచ్చు. చీకటిగా, గింజలు గింజలుగా ఉంటే లెన్స్ కొనండి. మొహాల మీద నీడలు పడినవి ఎక్కువుంటే ఒక ఫ్లాష్ కొని పైకప్పుకు తిప్పి కొట్టడం నేర్చుకోండి. మొన్న మైదుకూరు నుంచి ఒక పిల్లోడు కొత్త బాడీ కోసం అడుగుతా ఇట్లనే లెక్క రాసుకోనొచ్చినాడు, యాభైలో ముప్పైనాలుగు చీకటివే. 50 ఎంఎం తీసుకోని పోయినాడు, తన దగ్గరుండే ఆర్100తోనే వాళ్ల చెల్లెలి నిశ్చితార్థం తీసి పంపించినాడు, పసుపు దంచే ఆడోళ్ల చేతులు, రోలు అంచున లేచిన పొడి కూడా వెలుతురులో పట్టినాడు.